ముంబై సముద్ర వంతెనకి ఫస్ట్ ఒక్క బిడ్డూ రాలేదు.. తర్వాత జపాన్, కొరియా కంపెనీలొచ్చాయ్! మధ్యలో ఏం మారింది?

ముంబై అటల్ సేతు డ్రోన్ వీడియోలు మీరు చూసే ఉంటారు. మొత్తం పొడవు 21.8 కిలోమీటర్లు. అందులో సుమారు 16.5 కిలోమీటర్లు సముద్రం మీదే. 2024 జనవరి 12న ప్రధాని మోదీ ప్రారంభించారు. దీని నిర్మాణంలో జపాన్ కంపెనీ ఐహెచ్‌ఐ ఉంది, దక్షిణ కొరియా కంపెనీ దేవూ ఉంది.

కానీ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. ఇదే వంతెన కోసం 2013లో టెండర్ పిలిస్తే ఒక్కరంటే ఒక్కరు కూడా బిడ్ వేయలేదు. అర్హత సాధించిన గ్రూపులు ఐదున్నాయి. వాటిలో విదేశీ కంపెనీలు భాగస్వాములుగా ఉన్నవీ ఉన్నాయి. గడువు ముగిసింది, బాక్స్ ఖాళీ.

సముద్రం అదే. వంతెన అదే. మరి నాలుగేళ్లలో ఏం మారింది? 'గ్లోబల్ టెండర్లు పిలుస్తున్నాం, విదేశీ కంపెనీలు వస్తాయి' అని ఏ ప్రభుత్వం చెప్పినా, ఆ మాట నిజమవుతుందో లేదో తేలేది ఈ ప్రశ్నకి సమాధానంతోనే. వివరంగా చూద్దాం.

ఫస్ట్ టెండర్ ఎందుకు ఫెయిలైంది?

2013 నాటి టెండర్ పీపీపీ పద్ధతిలో పిలిచారు. అంటే కంపెనీయే డబ్బులు పెట్టాలి, వంతెన కట్టాలి, తర్వాత కొన్నేళ్ల పాటు టోల్ వసూలు చేసుకుని పెట్టుబడి రాబట్టుకోవాలి. రోజుకి ఎన్ని కార్లు వెళ్తాయో ఎవరికీ తెలియదు. అవతలి ఒడ్డున నవీ ముంబై ఎయిర్‌పోర్ట్ అప్పటికి ఇంకా రాలేదు. ట్రాఫిక్ లెక్క తప్పితే నష్టం మొత్తం కంపెనీదే.

అంతకుముందు 2008లోనూ ఒక ప్రయత్నం జరిగింది. అప్పుడు ఒక గ్రూప్ 'పదేళ్లలోపే టోల్ వసూలు చేసుకుని వంతెన అప్పగించేస్తాం' అంది. ఇంకో గ్రూప్ 75 ఏళ్లు కావాలంది. ఒకే వంతెనకి ఇద్దరి లెక్కల్లో ఇంత తేడా వచ్చిందంటే, అసలు లెక్క ఎవరి దగ్గరా సరిగా లేదనే అర్థం. ఆ టెండర్ కూడా ముందుకెళ్లలేదు.

తర్వాత ఏం మార్చారు?

ఆ తర్వాత ప్రభుత్వం రూటు మార్చింది. జపాన్ ప్రభుత్వ సంస్థ జైకా దగ్గర లోన్ తీసుకుంది. టోల్ రిస్క్ ప్రభుత్వమే నెత్తిన పెట్టుకుంది. కంపెనీ చేయాల్సింది ఒక్కటే.. కట్టడం. కట్టిన మేరకు బిల్లు వస్తుంది.

2017లో మూడు ప్యాకేజీలుగా కాంట్రాక్టులు ఇచ్చారు. మొదటిది ఎల్ అండ్ టీ, ఐహెచ్‌ఐ గ్రూప్‌కి. రెండోది దేవూ, టాటా ప్రాజెక్ట్స్ గ్రూప్‌కి. మూడోది ఎల్ అండ్ టీకి. 2018లో పనులు మొదలయ్యాయి. పడవలు కింద నుంచి వెళ్లాలంటే స్తంభాల మధ్య దూరం ఎక్కువ ఉండాలి. అందుకోసం ఆర్థోట్రోపిక్ స్టీల్ డెక్ అనే టెక్నాలజీని మన దేశంలో మొదటిసారి ఇక్కడే వాడారు.

పాయింట్ ఇదే. విదేశీ కంపెనీని రప్పించింది ప్రచారం కాదు, రోడ్ షోలు కాదు. రిస్క్ ఎవరు మోయాలో మార్చడం.

బిడ్ వేసే ముందు విదేశీ కంపెనీ అడిగే 5 ప్రశ్నలు

1. భూమి చేతిలో ఉందా?
సగం భూమి కోర్టు కేసుల్లో ఉంటే మిషన్లు తెచ్చి ఖాళీగా నిలబెట్టాలి. రోజు గడిచేకొద్దీ అద్దె, జీతాలు, వడ్డీ పెరుగుతూనే ఉంటాయి. అందుకే జాతీయ రహదారుల కాంట్రాక్టుల్లో పని మొదలుపెట్టే తేదీ ప్రకటించాలంటే ఈపీసీ పద్ధతిలో 90 శాతం, హైబ్రిడ్ యాన్యుటీ పద్ధతిలో 80 శాతం భూమి సిద్ధంగా ఉండాలనే రూల్ పెట్టారు.

2. బిల్లు టైమ్‌కి వస్తుందా?
లోకల్ కంపెనీకి ఆఫీసుల చుట్టూ తిరగడం అలవాటు. బయటి నుంచి వచ్చినవాళ్లకి ఆ ఓపిక ఉండదు, ఆ పరిచయాలూ ఉండవు. బిల్లు ఆరు నెలలు ఆగితే వాళ్ల హెడ్ ఆఫీస్ ఆ దేశాన్నే లిస్టులోంచి తీసేస్తుంది.

3. రేట్లు పెరిగితే ఎవరు భరించాలి?
నాలుగైదేళ్ల ప్రాజెక్టులో స్టీల్, సిమెంట్, డీజిల్ ధరలు ఒకేలా ఉండవు. కాంట్రాక్టులో ధరల సవరణ క్లాజ్ లేకపోతే ఆ భయాన్ని కూడా బిడ్ రేటులో కలిపేస్తారు. అంటే ఆ భారం కూడా జనం మీదే పడుతుంది.

4. కరెన్సీ ఏంటి?
వాళ్ల ఖర్చు యెన్‌లో, యూరోలో. బిల్లు రూపాయల్లో. మధ్యలో రూపాయి పడిపోతే లాభం కూడా పడిపోతుంది. ప్రపంచ బ్యాంక్ టెండర్లలో బిడ్డర్ మూడు విదేశీ కరెన్సీల వరకు రేటు కోట్ చేసుకునే వీలుంటుంది.

5. గొడవ వస్తే ఎక్కడ తేలుతుంది?
అన్నిటికంటే పెద్ద ప్రశ్న ఇదే. దీని గురించి కింద విడిగా చెప్పుకుందాం.

లోన్ ఇచ్చే సంస్థలతో వచ్చే తేడా

ప్రపంచ బ్యాంక్, ఏడీబీ, జైకా లోన్ ఇచ్చే ప్రాజెక్టుల్లో టెండర్ రూల్స్ కూడా వాటి పద్ధతిలోనే ఉంటాయి. కాంట్రాక్ట్ పత్రాలు చాలావరకు 'ఫిడిక్' అనే అంతర్జాతీయ ఇంజినీర్ల సమాఖ్య ఫార్మాట్ ఆధారంగా తయారవుతాయి. టోక్యో కంపెనీ లాయర్‌కైనా, మిలాన్ కంపెనీ లాయర్‌కైనా ఆ పేపర్ కొత్త కాదు. ఏ పేజీలో ఏముంటుందో వాళ్లకి ముందే తెలుసు.

ఇంకో సౌకర్యం డిస్ప్యూట్ బోర్డ్. పని జరుగుతుండగానే తగాదాలు తేల్చే నిపుణుల బృందం ఇది. ఫిడిక్ పద్ధతిలో సాధారణంగా 84 రోజుల్లో నిర్ణయం చెప్పాలి.

ఢిల్లీ మెట్రో ఫస్ట్ ఫేజ్ ఇలాగే సాగింది. జపాన్ లోన్‌తో వచ్చిన ఆ ప్రాజెక్టు సొరంగం పనుల్లో జపాన్‌కి చెందిన కుమగాయ్ గుమి, షిమిజు, స్వీడన్‌కి చెందిన స్కాన్స్కా, కొరియాకి చెందిన సామ్‌సంగ్ లాంటి కంపెనీలు మన హెచ్‌సీసీ, ఎల్ అండ్ టీ, ఇర్కాన్‌లతో కలిసి పనిచేశాయి.

అయితే అన్ని లోన్లూ ఒకేలా ఉండవు. జైకాలో 'స్టెప్' అనే స్కీమ్ ఉంది. వడ్డీ చాలా తక్కువ. కానీ ప్రధాన కాంట్రాక్టర్ జపాన్ కంపెనీ అయి ఉండాలి, లేదా ఆ కంపెనీ నాయకత్వంలోని గ్రూప్ అయి ఉండాలి. కనీసం 30 శాతం వస్తువులు, సేవలు జపాన్ నుంచే రావాలి. పశ్చిమ డెడికేటెడ్ ఫ్రైట్ కారిడార్‌లో సోజిట్జ్, ఎల్ అండ్ టీ కలిసి రావడం వెనక ఈ రూల్ ఉంది. వడ్డీలో మిగిలేది ఎంత, పోటీ తగ్గడం వల్ల పోయేది ఎంత.. ఈ రెండూ పక్కపక్కన పెట్టి లెక్కేసుకోవాల్సింది లోన్ తీసుకునే ప్రభుత్వమే.

మన దేశంలోకి రావాలంటే రూల్స్ ఏంటి?

రోడ్లు, హైవేల నిర్మాణంలో 100 శాతం విదేశీ పెట్టుబడికి ఆటోమేటిక్ రూట్‌లో అనుమతి ఉంది. అంటే తలుపు తెరిచే ఉంది. కాంట్రాక్ట్ దక్కిన విదేశీ కంపెనీ ఇక్కడ ప్రాజెక్ట్ ఆఫీస్ తెరుచుకోవచ్చు. ప్రాజెక్టుకి డబ్బు విదేశాల నుంచి వస్తున్నా, ప్రపంచ బ్యాంక్ లాంటి సంస్థ ఇస్తున్నా ఆర్‌బీఐ సాధారణ అనుమతి సరిపోతుంది.

కానీ లోపలికి అడుగుపెట్టాక కొన్ని మెట్లున్నాయి.

పన్ను: విదేశీ కంపెనీ ఆదాయంపై పన్ను రేటు 40 శాతం ఉండేది. 2024 జులై బడ్జెట్‌లో 35 శాతానికి తగ్గించారు. మన దేశంలో రిజిస్టరైన కంపెనీకి మినహాయింపులు వదులుకుంటే 22 శాతం రేటు ఉంది, పైన సర్‌చార్జ్, సెస్ అదనం. అందుకే ఇక్కడ ఎక్కువకాలం ఉండాలనుకునే కంపెనీలు ఇండియన్ సబ్సిడరీ పెట్టుకోవడానికి చూస్తాయి.

200 కోట్ల గీత: 2020లో వచ్చిన రూల్ ప్రకారం 200 కోట్ల రూపాయల లోపు ప్రభుత్వ కొనుగోళ్లకి మామూలుగా గ్లోబల్ టెండర్ పిలవకూడదు. చిన్న కంపెనీలని కాపాడటానికి తెచ్చిన రూల్ ఇది.

సరిహద్దు రూల్: 2020 జులై 23న కేంద్ర ఆర్థిక శాఖ ఇంకో ఆదేశం ఇచ్చింది. మనతో భూ సరిహద్దు ఉన్న దేశాల కంపెనీలు బిడ్ వేయాలంటే ముందుగా రిజిస్టర్ చేసుకోవాలి, విదేశాంగ, హోం శాఖల క్లియరెన్స్ తెచ్చుకోవాలి. పేరు పెట్టకపోయినా ఇది ఎక్కువగా ఎవరిని ఉద్దేశించిందో అందరికీ అర్థమైంది.

అదే టైమ్‌లో జరిగిన ఒక కేసు చూడండి. ఢిల్లీ-మీరట్ ర్యాపిడ్ రైల్ కారిడార్‌లో న్యూ అశోక్ నగర్-సాహిబాబాద్ మధ్య సొరంగానికి టెండర్ పిలిచారు. ఏడీబీ లోన్ ఉన్న ప్రాజెక్ట్. 2020 జూన్‌లో బిడ్లు తెరిస్తే షాంఘై టన్నెల్ ఇంజినీరింగ్ కంపెనీ సుమారు 1,126 కోట్లతో తక్కువ రేటు వేసింది. గల్వాన్ ఘర్షణ జరిగిన నెల అది. దేశమంతా మండిపడుతున్న టైమ్. చివరికి అనుమతుల ప్రక్రియ పూర్తయ్యాక 2021 జనవరిలో ఆ కంపెనీకే పని దక్కింది. లోన్ రూల్స్ ఒకవైపు, దేశ భద్రత ఒకవైపు, జనం కోపం ఇంకోవైపు. గ్లోబల్ టెండర్ అంటే ఈ మూడింటి మధ్య నడక.

గొడవ వస్తే ఏంటి పరిస్థితి?

వైట్ ఇండస్ట్రీస్ అని ఆస్ట్రేలియా కంపెనీ ఉంది. 1989లో కోల్ ఇండియాతో ఒప్పందం చేసుకుంది. పిపర్వార్ బొగ్గు గని అభివృద్ధి పని. తర్వాత డబ్బుల విషయంలో తగాదా వచ్చింది. 2002లో అంతర్జాతీయ ఆర్బిట్రేషన్‌లో వైట్ ఇండస్ట్రీస్ గెలిచింది. కానీ ఆ తీర్పు అమలు మన కోర్టుల్లో ఏళ్ల తరబడి ఆగిపోయింది. దాంతో కంపెనీ భారత్ మీదే కేసు వేసింది. 2011లో ట్రిబ్యునల్ భారత్‌కి వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. కారణం.. ఆలస్యం.

ఆ తర్వాత ప్రభుత్వం రెండు వైపులా అడుగులేసింది. 2016లో ఒక మంచి నిర్ణయం తీసుకుంది. ఆర్బిట్రేషన్‌లో కాంట్రాక్టర్ గెలిచి, ప్రభుత్వ సంస్థ కోర్టుకి వెళ్తే, కేసు తేలేలోపే 75 శాతం డబ్బు బ్యాంక్ గ్యారంటీ మీద చెల్లించాలని చెప్పింది. చేతిలో డబ్బు ఆడక మూతపడే కాంట్రాక్టర్లకి ఇది ఊపిరి.

ఇంకోవైపు పాత పెట్టుబడి రక్షణ ఒప్పందాలు చాలావాటిని భారత్ రద్దు చేసుకుంది. కొత్త నమూనా ఒప్పందం ప్రకారం విదేశీ ఇన్వెస్టర్ ముందు ఐదేళ్ల పాటు మన కోర్టుల్లోనే ప్రయత్నించాలి. 2024 జూన్‌లో ఆర్థిక శాఖ ఇంకో మార్గదర్శకం ఇచ్చింది. ప్రభుత్వ కాంట్రాక్టుల్లో ఆర్బిట్రేషన్ క్లాజ్ మామూలుగా పెట్టొద్దని, పెట్టినా 10 కోట్ల లోపు తగాదాలకే పరిమితం చేయాలని, మధ్యవర్తిత్వానికి ప్రాధాన్యం ఇవ్వాలని చెప్పింది.

ప్రభుత్వం వాదన కూడా వినాలి. ఆర్బిట్రేషన్ ఖర్చు ఎక్కువ, టైమూ ఎక్కువ పడుతోంది, తీర్పు తర్వాత మళ్లీ కోర్టుకే వస్తోంది అన్నది ఆ వాదన. కానీ 5 వేల కోట్ల బిడ్ వేసే విదేశీ కంపెనీ దీన్ని ఇంకోలా చదువుతుంది. 'రేపు తేడా వస్తే మన కేసు ఏ కోర్టులో, ఎన్నేళ్లు?' అని.

తెలుగు రాష్ట్రాల్లో ఏం జరిగింది?

హైదరాబాద్ మెట్రో: 2008లో మేటాస్ నాయకత్వంలోని గ్రూప్ టెండర్ గెలిచింది. అందులో థాయ్‌లాండ్ కంపెనీ ఇటాల్-థాయ్ కూడా ఉంది. ప్రభుత్వం నుంచి డబ్బు అడగకపోగా, తామే ఎదురు 30 వేల కోట్లకి పైగా ఇస్తామన్నారు. అందరూ ఆశ్చర్యపోయారు. 2009లో సత్యం స్కామ్ బయటపడింది, ఆ జులైలో కాంట్రాక్ట్ రద్దయింది. మళ్లీ టెండర్ పిలిస్తే 2010లో ఎల్ అండ్ టీ 1,458 కోట్ల వయబిలిటీ గ్యాప్ ఫండింగ్ అడిగి గెలిచింది. విదేశీ పేరు పక్కన ఉన్నంత మాత్రాన బిడ్ బలంగా ఉన్నట్టు కాదని హైదరాబాద్‌కి అప్పుడే తెలిసింది.

ఏపీ హైవేలు: మలేసియా కంపెనీ ఐజేఎం మన దగ్గర టోల్ రోడ్లలో పెట్టుబడి పెట్టింది. తర్వాత 2018లో ఎన్‌హెచ్‌ఏఐ మొదటి టీఓటీ టెండర్ వచ్చింది. అంటే కట్టేసిన రోడ్డుని 30 ఏళ్లకి అప్పగించి, ముందే మొత్తం డబ్బు తీసుకోవడం. ఆంధ్రప్రదేశ్, గుజరాత్‌లలోని 9 రోడ్లకి ఆస్ట్రేలియా సంస్థ మెక్వారీ 9,681 కోట్లు ఇచ్చింది. గమనించండి.. భూమి గొడవ లేదు, కట్టే పని లేదు, ట్రాఫిక్ కళ్ల ముందే ఉంది. రిస్క్ తగ్గేసరికి విదేశీ డబ్బు వచ్చేసింది.

అమరావతి: 2017లో 1,691 ఎకరాల స్టార్టప్ ఏరియా అభివృద్ధికి సింగపూర్‌కి చెందిన అసెండాస్-సింగ్‌బ్రిడ్జ్, సెంబ్‌కార్ప్ గ్రూప్‌ని స్విస్ ఛాలెంజ్ పద్ధతిలో ఎంపిక చేశారు. ప్రభుత్వం మారాక 2019 నవంబర్‌లో పరస్పర అంగీకారంతో ఆ ప్రాజెక్ట్ రద్దయింది. ఎవరిది తప్పు, ఎవరిది ఒప్పు అనేది రాజకీయ చర్చ. బయటి కంపెనీ మాత్రం ఒకే ప్రశ్న వేసుకుంటుంది.. ప్రభుత్వం మారితే కాంట్రాక్ట్ ఉంటుందా, పోతుందా?

2024 డిసెంబర్‌లో అమరావతికి ప్రపంచ బ్యాంక్ 80 కోట్ల డాలర్లు, ఏడీబీ దాదాపు 79 కోట్ల డాలర్ల లోన్లు ఆమోదించాయి. 2025లో సచివాలయ టవర్ల పనులు ఎన్‌సీసీ, షాపూర్‌జీ పల్లోంజీ, ఎల్ అండ్ టీలకి దక్కాయి. మూడూ మన దేశ కంపెనీలే.

పోలవరం: ఇక్కడ విదేశీ కంపెనీ వచ్చింది, కానీ వేరే రూపంలో. నది కింద డయాఫ్రమ్ వాల్ కట్టడం అందరికీ చేతకాదు. మొదటి వాల్ పనిలో జర్మనీ కంపెనీ బావర్ పాలుపంచుకుంది. ఆ వాల్ వరదల్లో దెబ్బతింది. 2025 జనవరిలో మొదలైన కొత్త వాల్ పనిలోనూ బావర్ ఉంది. మెయిన్ కాంట్రాక్టర్ మాత్రం హైదరాబాద్ కంపెనీ మేఘా. మొత్తం పని కాకుండా, మనకి రాని పని ఒక్కటే బయటివాళ్లతో చేయించుకోవడం ఇది.

అసలు విదేశీ కంపెనీలు మనకి అవసరమా?

ఈ ప్రశ్న న్యాయమైనదే. మన కంపెనీలు ఇప్పుడు పాతికేళ్ల కిందటిలా లేవు. కోల్‌కతాలో హుగ్లీ నది కింద మెట్రో సొరంగాన్ని ఆఫ్కాన్స్ ఒక రష్యా కంపెనీతో కలిసి తవ్వింది. తర్వాత ముంబై-అహ్మదాబాద్ బుల్లెట్ ట్రైన్‌లో ఠాణే క్రీక్ కింద 7 కిలోమీటర్లు వెళ్లే సొరంగం పని ఆఫ్కాన్స్‌కే వచ్చింది. అదే బుల్లెట్ ట్రైన్‌లో 237 కిలోమీటర్ల అతిపెద్ద ప్యాకేజీకి 2020లో మూడు గ్రూపులు బిడ్ వేస్తే, వాటిలో ఉన్న ఏడు కంపెనీలూ భారత్‌వే. హైదరాబాద్ కంపెనీ ఎన్‌సీసీ కూడా అందులో ఉంది. అస్సాంలో 9 కిలోమీటర్లకి పైగా ఉన్న ధోలా-సదియా వంతెన కట్టింది హైదరాబాద్‌కి చెందిన నవయుగే.

అంటే మామూలు రోడ్డుకి, ఫ్లైఓవర్‌కి విదేశీ కంపెనీ అక్కర్లేదు. వచ్చినా మన రేట్లకి తట్టుకోవడం కష్టం. బయటివాళ్లు కావాల్సింది రెండు చోట్ల. ఒకటి, ఇక్కడ ఇంతవరకు ఎవరూ చేయని పని. రెండు, ఒకరిద్దరే బిడ్ వేస్తూ రేటు పెంచుకుంటున్న చోట. రెండో కేసులో విదేశీ కంపెనీ గెలవకపోయినా పర్లేదు. వస్తుందన్న భయం ఉంటే చాలు, లోకల్ బిడ్ రేటు దిగుతుంది. ఆ తేడా జనం డబ్బే.

మన కంపెనీతో కలిసి వస్తే ఇంకో లాభం ఉంది. పని నేర్చుకోవడం. ఢిల్లీ సొరంగాల్లో పక్కన నిలబడి చూసిన మన ఇంజినీర్లు తర్వాత ఊరూరా మెట్రోలు కట్టారు.

నెక్స్ట్ టైమ్ 'గ్లోబల్ టెండర్' వార్త చూస్తే ఇవి చెక్ చేయండి

- భూమి ఎంత శాతం చేతిలో ఉంది?
- డబ్బు ఎక్కడి నుంచి? బడ్జెట్టా, లోనా, కంపెనీయే పెట్టాలా?
- ట్రాఫిక్ తగ్గితే నష్టం ఎవరిది?
- తగాదా తేల్చే పద్ధతి కాంట్రాక్టులో రాశారా?
- ఎంతమంది బిడ్ వేశారు? ఒక్కటే బిడ్ వస్తే ఏం చేశారు?
- విదేశీ కంపెనీ చేసే పని ఏంటి? నిజంగా కడుతోందా, పేరు మాత్రమే ఇచ్చిందా?

ముంబై వంతెనకి 2008లో ఒకసారి, 2013లో ఇంకోసారి టెండర్ తప్పింది. పనులు మొదలైంది 2018లో. ఆ పదేళ్లూ ముంబై జనం ట్రాఫిక్‌లోనే గడిపారు. భూమి, డబ్బు, న్యాయం.. ఈ మూడూ ముందు సర్దుకున్న ప్రభుత్వం దగ్గరికి కంపెనీలు వెతుక్కుంటూ వస్తాయి. సర్దుకోకుండా పిలిస్తే గ్లోబల్ టెండర్ పేపర్ మీదే గ్లోబల్.. బాక్స్ తెరిస్తే ఖాళీ!